లోపలి రంగు

పాత బట్టల బేలుకు బిగించిన పట్టీ తెగంగనే రాజమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. నెలల తరబడి నొక్కిపెట్టిన బట్టలాయె, పట్టీ తెగితే ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బి ఒక్కసారిగా మీదికి వస్తాయి, ముఖానికి తగిలితే దుమ్మంతా కళ్ళల్లోనే. కలరా ఉండల వాసన, ఓడలో మగ్గిన తేమ వాసన, ఏ దేశంలో ఎవరి ఇంట్లోదో సబ్బు వాసన, మూడూ కలిసి గది నిండింది.

ఆ గది దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైను వెనక గల్లీలో ఉన్నది. పైన బ్యాంకు పరీక్షల కోచింగు, కింద దుకాణం. ముందు గదిలో అద్దాలు, లైట్లు, హ్యాంగర్లు, ‘ఓల్డ్ వేవ్’ అని బోర్డు. వెనక గది మాత్రం రాజమ్మది. బేళ్ళు విప్పడం, ఏరడం, ఉతకడం, చిరుగులు కుట్టడం, ఇస్త్రీ, అన్నీ ఆమే. దుకాణం శ్రవణ్‌కుమార్‌ది. రాజమ్మకు అన్న కొడుకు. పోచంపల్లి పక్కన ఊళ్ళో ఇద్దరి ఇళ్ళూ ఒకే వాడ, ఇద్దరి ఇళ్ళల్లోనూ ఒకప్పుడు మగ్గాలు.

శ్రవణ్ అమ్మేవి పాత స్వెట్‌షర్టులు. అవి కూడా అన్నీ కాదు, ఛాతీ మీద సముద్రపు అల ఉన్నవి, ఆ అల మీద పలక వేసుకొని నిలబడ్డ మనిషి బొమ్మ ఉన్నవి. ముప్పై నలభై ఏళ్ళ కింద పరాయి దేశాల సముద్రాల దగ్గర ఆ అలల ఆట ఆడేవాళ్ళు తొడిగి విడిచినవి. ఇవి ఇక్కడ ఎవరు కొంటరురా అని రాజమ్మ మొదట్లో నవ్వింది. ఫోన్లో చూసి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో కొంటున్నారని తెలిశాక నవ్వడం మానేసి వాటిని చూడడం నేర్చుకున్నది.

నేర్చుకున్నదంటే ఊరికే కాదు. వచ్చిన మొదటి నెల, ఉతికిన స్వెట్‌షర్టులన్నిటికీ గంజి పెట్టింది. బట్ట అంటే గంజి పెట్టాలె గదా, ఇంట్లో పుట్టినప్పటి నుంచి చూసింది అదే. తెల్లారి దండెం మీద ఒక్కొక్కటీ చేతులు చాచి, లోపల మనిషి లేకుండానే మనుషుల్లా నిలబడ్డాయి. శ్రవణ్ కింద కూర్చొని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మళ్ళీ నానబెట్టి పిండితే అన్నీ తేరుకున్నాయి, ఒక్క మెరూన్ రంగుది తప్ప. అది మరిగే గంజిలో పడి కుంచించుకుపోయింది. “గిది ఇగ నువ్వే తొడుక్కో అత్తా” అని ఆమె మీదికే విసిరాడు. చలికాలం పొద్దున రాజమ్మ దాన్ని చీర మీద తొడుక్కొని ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కుతుంది. ఛాతీ మీద అల, అల మీద పిలగాడు, కింద జరీ అంచు. రైల్లో కాలేజీ పిల్లలు చూస్తారు, చూడనీ. వెచ్చగుంటది.

ఆ మంగళవారం బేలులో అలల బొమ్మ ఒక్కటే వచ్చింది. లేత నీలం రంగుది. రాజమ్మ దాన్ని తొడ మీద పరిచి, ముందు ఉల్టా తిప్పింది. ఆమె ఏ బట్టనైనా ముందు ఉల్టానే చూస్తుంది. మగ్గం మీద నేసిన చీరకు ముందూ వెనకా ఒకటే రంగు, అచ్చు వేసిన చీరకు వెనక తెల్లగా పాలిపోయి ఉంటుంది, ఆ చూపు ఇక్కడా వదల్లేదు. ఈ పాత స్వెట్‌షర్టుల లెక్క మాత్రం దానికి ఎదురు. ఎండకు వెలిసింది బయటే, లోపల అసలు రంగు దాచుకొని ఉంటుంది. నీలందాని లోపల సీసాలో సిరాలా చిక్కటి రంగు ఉన్నది.

“అమ్మమ్మగారూ, ఏటి దొరికింది?” అని గుమ్మంలోంచి గొంతు.

మృదుల. పైన కోచింగుకు వచ్చే పిల్ల, భీమిలి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నది. క్లాసుకూ క్లాసుకూ మధ్య పది నిమిషాలు దొరికితే చాయ్ తాగడానికి కాదు, ఇక్కడికి దిగివస్తుంది. కొనదు, చూస్తుంది.

“దా బిడ్డా. గిది చూడు.”

మృదుల చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నది. ముట్టుకోలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని చూసింది. “అచ్చం మా దగ్గర పొద్దుటిపూట ఇలాగే ఉంటాదండీ నీళ్ళ రంగు.”

“నువ్వు గీ పలక ఎక్కినవా ఎప్పుడన్నా?”

“రుషికొండలో రెండుసార్లు ఎక్కా. రెండుసార్లూ పడ్డా. మా నాన్నది పడవండీ, ఆయన ఒడ్డున నిలబడి, పడవ ఉండగా పలకెందుకే నీకు అని ఒకటే నవ్వు.” తనూ నవ్వి, ఆగి, “ఇక్కడికొచ్చి ఏడాదైంది. ఎటు చూసినా పిల్లర్లే. కొత్తవి ఆన్‌లైన్లో బోలెడున్నాయండీ, కానీ కొత్తది వేసుకుంటే కొత్త చొక్కా వేసుకున్నట్టే ఉంటాది. ఇదైతే ఎవరో నీళ్ళలోంచి వచ్చి, ఆరేసి, ఇదిగో నువ్వేసుకో అని ఇచ్చినట్టుంటాది.”

రాజమ్మకు ఆ మాట నచ్చింది. నచ్చిన మాట విన్నప్పుడు చేతిలో ఉన్నదాన్ని మెల్లగా నిమరడం ఆమె అలవాటు. “కొననీకె వచ్చేటోళ్ళకు చూడ వస్తలేదు. నువ్వు నేర్చుకో. ముందుగాల ఉల్టా తిప్పు. లోపల బయటికన్న చిక్కగుండాలె. భుజాలు చూడు, ఎండ తాకేది గక్కడ్నే, గందుకే గక్కడ ఎక్కువ వెలిసింది. చంక కింద చూడు, వెలవలే. దొంగతనంగ వెలిపిస్తె అంతట ఒక్కతీరుగ తెల్లబడ్తది. బొమ్మ బీటలు చూడు. పొట్ట మడత పడ్డకాడ పగిలినై, మనిషి కూసోని లేచి పగిలినై. కావాలని పగలగొడ్తె గళ్ళు గీసినట్టు అంతటా సమానంగుంటై. సైజు చీటీ నమ్మకు, పాతయి పొడుగు తగ్గి అడ్డం సాగుతై. చంక నుంచి చంక దాక దారంతోని కొలుసుకో, నీ ఇంట్ల నీకు సరిపోయే దానికి గదే దారం పెట్టి చూసుకో. మెడకాడ సాగిందా, మణికట్టుకాడ పట్టు ఉందా చూడు. ఆఖరికి వాసన.”

మృదుల ముక్కు దగ్గర పెట్టుకున్నది. “కలరా ఉండలు.”

“గది రెండు ఉతుకులకు పోతది. చెమట వాసనైతే పోదు, వద్దను.”

మృదుల ఇప్పుడు దాన్ని ముట్టుకున్నది. “శనివారం మాక్ టెస్టు ఉందండీ. అందులో కటాఫ్ దాటితేనే కొనుక్కుంటానని నాకు నేనే ఒట్టేసుకున్నా. అప్పటిదాకా ఉంచుతారా?”

“ఉంచుత. రాజమ్మ మాట ఇస్తే ఇచ్చినట్టే.”

ఆ మాట గొప్పకు అన్నది కాదు. ఆ దుకాణంలో రాజమ్మ మాటకు, ఇంకా చెప్పాలంటే రాజమ్మ చేతికి, ఒక విలువ ఏర్పడింది. ఆరు నెలల కింద శ్రవణ్ ఆమె చెయ్యి వీడియో తీసి ఆన్‌లైన్లో పెట్టాడు, మట్టి గాజులు, పగిలిన బొటనవేలు, బట్టను ఉల్టా తిప్పి నిమిరే చెయ్యి. అది ఎక్కడెక్కడికో పోయింది. అప్పటి నుంచి ప్రతి స్వెట్‌షర్టుకూ దారంతో ఒక అట్టముక్క కడుతున్నాడు. దాని మీద ఆమె అరచేతి ఫొటో, కింద ‘రాజమ్మ చూసింది’ అని అచ్చు. కొనేవాళ్ళు ఇప్పుడు బట్టకంటే ముందు ఆ చీటీ చూస్తారు.

బుధవారం పొద్దున నీలంది కనిపించలేదు. ఫొటో తీయనీకె పట్టుకపోయిన అన్నాడు శ్రవణ్. గురువారం కూడా రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం రాజమ్మ సద్ది డబ్బా మూత పెడుతుంటే ఆటోలోంచి అట్టపెట్టె దించుకొని వచ్చాడు, వెనక గదిలో పెట్టి తలుపు దగ్గరికి వేశాడు.

పెట్టె విప్పితే నీలం. ఒకటి కాదు, ఇరవై. అన్నిటి మీదా అదే అల, అదే పిలగాడు, పొట్ట దగ్గర అవే బీటలు.

రాజమ్మ ఒకదాన్ని తీసి ఉల్టా తిప్పింది. లోపలా బయటా ఒకటే పాలిపోయిన రంగు. బ్లీచింగు వాసన గుప్పున వచ్చింది.

“చంపాపేట్‌ల మనోళ్ళ ప్రింటింగే” అన్నాడు శ్రవణ్, అడగకముందే. “ప్లెయిన్‌వి తిరుపూర్ నుంచి తెప్పించిన.”

“అసలుది యాడుంది?”

“ఫోన్ల చూసి ఎవరో బెంగుళూరాయన కొనుక్కున్నడు.”

“గా పిల్లకు మాటిచ్చినగదరా!”

“గా పిల్లకు కూడ ఇస్తం అత్తా. గదే బొమ్మ, గదే రంగు. తొడుక్కుంటే ఏం తేడా? ఇంక మెత్తగుంటది.” అతను ముక్కాలిపీట లాక్కొని ఆమె ముందు కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయి ఉన్నది. “నీకు ఎరుకనే, గీ నెల రెండు బేళ్ళు విప్పినం. అల బొమ్మలు మూడే ఎల్లినై. ఫోన్ల రోజుకు నలభై మంది అడుగుతున్నరు. లేవు లేవు అంటే ఎన్నిరోజులు నిలబడ్తరు? ఓనరు కిరాయి పెంచిండు. గిది మూతపడ్తె నేను యాడికి పోవాలె? నువ్వు యాడికి పోవాలె?”

రాజమ్మ చేతిలోని నీలాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. ఈ పిల్లవాడి నాయిన పోయినప్పుడు పదకొండో రోజుదాకా తన కొంగు పట్టుకొని తిరిగినవాడు. మొన్న తన మోకాలి నొప్పికి దవాఖానకు తీసుకపోయి, గోలీలు తెచ్చి, వేళకు వేసుకున్నావా అత్తా అని ఫోన్ చేసినవాడూ వీడే.

అతను జేబులోంచి చిన్న కవరు తీశాడు. అందులో పాత లేబుళ్ళు. చిరిగి పనికిరాకుండా పోయిన స్వెట్‌షర్టుల మెడల్లోంచి కత్తిరించినవి, రంగు వెలిసి, అంచులు మెత్తబడ్డవి. అవి పారెయ్యకు, డబ్బాలో వెయ్యి అని శ్రవణ్ ఎందుకంటున్నాడో రాజమ్మకు ఇప్పుడు అర్థమైంది.

“వీటిని కుట్టు అత్తా. నీ కుట్టు అయితేనే తెల్వదు.”

మధ్యాహ్నమంతా రాజమ్మ కుట్టింది. కుట్టలేదని చెప్పడానికి లేదు, కుట్టింది. పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి, దారం కొత్తగా కనపడకుండా చాయ్ నీళ్ళలో ముంచి, నాలుగు మూలలూ నొక్కి కుట్టింది. చేసే పని వంకరగా చెయ్యడం ఆమె చేతికి రాదు. పన్నెండు లేబుళ్ళు అయ్యేసరికి మెడ పట్టేసింది. మిగతావి రేపు అన్నది. శ్రవణ్ ఆ పన్నెండింటికీ అరచెయ్యి చీటీలు కట్టాడు.

ఎల్‌బీ నగర్‌లో వాళ్ళది రెండు గదుల కిరాయి ఇల్లు. రాజమ్మ పెనిమిటి కోదండం చౌరస్తా దగ్గర చీరల షోరూంలో గద్దె మీద కూర్చొని చీరలు విప్పి చూపిస్తాడు, మళ్ళీ మడతపెడతాడు. ముప్పై ఏళ్ళు నేసిన మనిషి. రోజుకు రెండు వందల చీరలు విప్పుతాను గాని ఒక్కటి నెయ్యను అని అప్పుడప్పుడు తనకు తానే అనుకుంటాడు.

ఆ సాయంత్రం జొన్నరొట్టె తుంచుకుంటూ రాజమ్మ సంగతంతా చెప్పింది. కోదండం పచ్చిపులుసు జుర్రుకుంటూ విన్నాడు.

“కుట్టినవా?” అన్నాడు.

“కుట్టిన.”

“మరేంది? బట్టలు వానియి, దుకాణం వానిది. మా షోరూంల నేను ఏం చేస్తున్న? ప్రింటు చీర పోచంపల్లి చీరల అరల్నే పెడ్తరు. ఎవరన్న అడిగితే చెప్త, అమ్మా గిది అచ్చు అని. అడగకపోతే చెప్ప. నన్ను అడగనోళ్ళకు నేనెందుకు చెప్పాలె?”

“ఎంతమంది అడుగుతరు?”

అతను రొట్టె వైపు చూశాడు. “నెలకు ఒకరు.”

“గా పిల్ల అడగదయ్యా.”

“నువ్వే నేర్పినంటివి గద ఉల్టా తిప్పి చూడాలెనని? చూసుకుంటది.”

“చూసుకుంటదా?”

“నేర్చుకున్న పిల్ల చూసుకోదా? ఊకే పరేషాన్ గాకు.”

రాజమ్మకు కొంచెం ఊపిరాడింది. నిజమే, పిల్ల తిప్పి చూస్తుంది, గుర్తుపడుతుంది, వద్దంటుంది, తను నోరు తెరిచే అవసరమే పడదు. గిన్నెలు తీస్తూ, “మీ నాయిన గుర్తున్నడా,” అన్నది, “మన చీరలు కొనే సేటు గా ప్రింటు చీర తెచ్చి చూపెట్టిననాడు? ఉల్టా తిప్పి చూసిండు. తిట్టలే, కొట్లాడలే. మడత మంచిగ పెట్టి ఇచ్చేసిండు. తెల్లారి మగ్గం మీద కూసోలే.”

“ఎందుకే గిప్పుడు గవన్ని” అన్నాడు కోదండం. ఆ తర్వాత పళ్ళెంలో చెయ్యి కడుక్కొని చాలాసేపు అట్లనే కూర్చున్నాడు, తుడుచుకోలేదు.

శనివారం నాలుగింటికి మెట్ల మీద దబదబ చప్పుడు. మృదుల ఎగిరి దుకాణంలోకి దూకింది. “దాటేశానండీ! ఆరు మార్కులు ఎక్కువే!”

శ్రవణ్ కూడా మనస్ఫూర్తిగానే సంతోషపడ్డాడు. “అయితే మిఠాయేది మేడమ్?” అంటూనే హ్యాంగరు తీసి చేతికిచ్చాడు. నీలం స్వెట్‌షర్టు, మెడకు అరచెయ్యి చీటీ. తర్వాత ఫోను తీసి రాజమ్మ వైపు తిప్పాడు. “అత్తా, దా. నీ చెయ్యి పెట్టు, మేడంకు నువ్వే ఇస్తున్నట్టు తీస్త. కోచింగు పిల్లలందరు చూస్తరు.”

రాజమ్మ వెనక గది గుమ్మంలో నిలబడ్డది. మెరూన్ స్వెట్‌షర్టు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. చూసింది. పిల్ల తిప్పుతుంది, ఇప్పుడు తిప్పుతుంది అని చూసింది.

మృదుల దాన్ని గుండెలకు ఆనించుకొని అద్దంలో చూసుకున్నది. అల మీద వేలు పెట్టింది. వాసన చూసి, “ఉతికేశారా? కలరా ఉండల వాసన పోయింది” అన్నది. తిప్పలేదు.

“ఉల్టా చూసినవా బిడ్డా?” అన్నది రాజమ్మ.

“ఎందుకండీ?” మృదుల చీటీ ఎత్తి చూపించి నవ్వింది. “మీరు చూసేశారు కదా.”

ఫోను ఎదురుగా లైటు వెలుగుతున్నది. శ్రవణ్ కనుబొమ్మలతోనే కానియ్యి అన్నట్టు సైగ చేశాడు. రాజమ్మ వచ్చి నిలబడ్డది. స్వెట్‌షర్టును పిల్ల చేతుల్లోంచి తీసుకొని బల్ల మీద పరిచింది, ముడతలు నిమిరింది. తర్వాత కింది అంచులోంచి రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, చేపను శుభ్రం చేసినంత నిమ్మళంగా, మొత్తం ఉల్టా తిప్పేసింది.

తన ఒంటి మీది మెరూన్‌దాని మడిచిన చెయ్యిని దాని పక్కన పెట్టింది. మడతలో కనబడుతున్న లోపలి రంగు పండిన నేరేడులా ఉన్నది, బయట ఇటుక పొడిలా వెలిసి ఉన్నది. బల్ల మీది నీలానికి లోపలా బయటా తేడా లేదు.

“నిన్నటిది” అన్నది రాజమ్మ. “గీ లేబులు నేనే కుట్టిన. నువ్వు చూసింది పోయింది బిడ్డా, నేను కాపాడలే.”

శ్రవణ్ ఫోను దించాడు. “అత్తా…”

రాజమ్మ నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసింది. చీటీ దారం తెంపింది. తర్వాత హ్యాంగర్ల దగ్గరికి పోయి, మిగతా పదకొండు నీలాలకూ ఒక్కొక్కటే తెంపుకుంటూ వచ్చింది. తొందర పడలేదు. బట్టకు గాటు పడకుండా దారాన్ని వేలి మీదికి లాక్కొని తెంపింది. పన్నెండు అరచేతులు పోగైతే ఒకదాని మీద ఒకటి సర్ది కొంగులో ముడేసుకున్నది.

“బట్టలు నీయి, కొత్తయని చెప్పి అమ్ముకో. మంచిగనే ఉన్నయి, వెచ్చగుంటై. చెయ్యి నాది.”

శ్రవణ్ ముఖం ఎర్రబడింది. మృదుల లేకపోతే అరిచేవాడేమో. బోర్డు వైపు చూస్తూ, “గట్లయితే సోమవారం రాకు అత్తా” అన్నాడు. అని, వెంటనే “మోకాలి గోలీలు అయిపోవస్తున్నయి, తెచ్చి ఇంట్ల ఇస్తా” అన్నాడు, అదే గొంతుతో, అదే కోపంతో.

“సరే బిడ్డా” అన్నది రాజమ్మ. సద్ది డబ్బా సర్దుకున్నది.

బయట గల్లీలో మృదుల ఆమె వెంటే నడిచింది. మెట్రో మెట్ల దగ్గర ఆగి, “నా వల్ల మీ పని పోయింది కదండీ” అన్నది. కళ్ళు నిండినాయి.

“నీ వల్ల ఏముంది. నువ్వు నమ్మినవు, గంతే. ఇగ ఎవరి చెయ్యి చూసి కొనకు, నా చెయ్యి చూసి కూడ. తిప్పి చూడు.”

“మీ ఒంటి మీదిది ఇస్తారా?” అనేసి మృదుల నాలుక కరుచుకున్నది.

రాజమ్మ పకపకా నవ్వింది. “గిది ఇయ్య. గంజి తాగి నా కొలతకు వచ్చింది. రేపు ఆయితారం గద, ఎర్రగడ్డ అంగడికి పోదాం పా. పాత బట్టలు కుప్పలు పోస్తరు. పొద్దుగాల ఏడింటికి దారం పట్టుకొని రా.”

ఎల్‌బీ నగర్‌లో దిగేసరికి ఆరు దాటింది. రాజమ్మ ఇంటికి పోలేదు. ఈ సంగతి కోదండానికి ఇంట్లో చెప్పడంకంటే దారిలో నడుస్తూ చెప్పడం తేలిక అనిపించింది. షోరూం అద్దాల బయట, చెప్పుల స్టాండు పక్కన నిలబడ్డది.

లోపల కోదండం తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద ఉన్నాడు. ఎదురుగా ఒకామె, చేతిలో పెళ్ళి పత్రికల కట్ట. ముందర నలభై చీరలు విప్పి ఉన్నాయి. ఆమె ఆకుపచ్చది ఒకటి లాగి పక్కన పెట్టింది. అద్దం బయటి నుంచి కూడా రాజమ్మకు తెలిసిపోయింది, అచ్చు. గల్లా దగ్గర ఓనరు కూర్చొని కోదండం వైపే చూస్తున్నాడు.

తలుపు తెరుచుకొని ఎవరో బయటికి వస్తే లోపలి మాట వినబడింది. “గీ పోచంపల్లిది ప్యాక్ చెయ్యన్నా” అంటున్నది ఆమె. అచ్చా, నేతా అని అడగలేదు. అనుకున్నది, అన్నది.

కోదండం చీర అందుకున్నాడు. సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి మడవబోయి ఆగాడు. గల్లా వైపు ఒకసారి చూశాడు. తర్వాత మడత విప్పి, కొంగు చివర పట్టుకొని, ఉల్టా తిప్పి ఆమె ముందర పరిచాడు. ట్యూబులైటు కింద వెనక వైపు తెల్లగా పాలిపోయి కనబడింది. దాని మీద అరచేత్తో ఒకసారి నిమిరాడు, ముడతలు పోయేట్టు.

ఆమె వంగి చూసింది, వేలితో రుద్దింది, తలెత్తి అతని ముఖం చూసింది. కోదండం అప్పటికే వెనక్కి తిరిగి, పై అరలోంచి ఇంకో చీర దించుతున్నాడు.